ఏప్రిల్ 12 ఉదయం

పిల్లలూ, మీ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరులో ఏప్రిల్ నెల తీసి చూడండి. అందులో 12వ తేదీ గడి వెతకండి. చాలా ఏళ్ళు అది నల్ల అంకెగానే ఉంటుంది. పండుగలకు ఎర్ర అంకెలు దక్కుతాయి. ఈ 12కు మాత్రం పాలవాడి లెక్కో, చాకలిపద్దో తప్ప మరొకటి దక్కదు. నాకు మాత్రం ఆ గడి దగ్గర కాసేపు ఆగబుద్ధవుతుంది. ఎందుకంటారా? ఆ తేదీన, మూడు వేరువేరు సంవత్సరాలలో, మూడు వేరువేరు చోట్ల, మనుషులు అంతకుముందు ఎన్నడూ చూడని సంగతులు జరిగాయి. ఒకటి 1955లో, రెండవది 1961లో, మూడవది 1981లో. చిత్రమేమంటే, ఆయా చోట్ల మూడూ ఉదయం వేళలే.

మొదటిది ఒక సూదిమందు కథ. రెండవది ఒక లోహపు గోళం కథ. మూడవది రెక్కలున్న రాకెట్టు కథ. వీటికి ఒకదానితో ఒకటి చుట్టరికమేమిటని మీరు అడగవచ్చు. నా మనసులో మాత్రం ఉన్నది. ఆ చుట్టరికం మా బావ.

బావ మా మేనత్త కొడుకు. నాకంటె మూడేళ్ళు పెద్ద. మా ఊరు కృష్ణ కాలవ గట్టు మీద ఉండేది. బావకు మూడో ఏట జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. పిల్లవాడు లేచి కూర్చుని గంజి తాగాడు. అందరూ గండం గడిచిందనుకున్నారు. కాని మంచం దిగబోయి దబ్బున కూలబడ్డాడు. కుడికాలు అతని మాట వినలేదు. మా అత్తయ్య నువ్వులనూనె కాచి మర్దన చేసింది. మామయ్య కాలవ ఒడ్డున ఇసుకలో గొయ్యి తీసి, నడుము లోతున నిలబెట్టి, పొద్దున్నే గంటసేపు పట్టుకుని ఉండేవాడు. ఎవరేది చెబితే అది చేశారు. కాలు మాత్రం రానురాను వెదురుబొంగులాగా సన్నబడింది. నాకు జ్ఞానం వచ్చేసరికే బావ చంకకర్రతో నడుస్తున్నాడు. ఆ కర్రతోనే చింతకాయలు రాల్చేవాడు, ఆ కర్రతోనే కాలవలో లోతు కొలిచేవాడు.

అది పోలియో. ఆ పేరు మా ఊళ్ళో అప్పుడు ఎవరికీ తెలియదు. పోలియో వైరస్ అనేది సూక్ష్మదర్శిని కింద కూడా మామూలుగా కనపడనంత చిన్నది. మురికి నీటిలోనుంచీ, కడుక్కోని చేతులనుంచీ నోట్లోకి పోతుంది, పేగులలో పెరుగుతుంది. చాలామంది పిల్లలకు ఏమీ కాదు. రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడి తగ్గిపోతుంది. కాని సుమారు 200 మందిలో ఒకరికి అది వెన్నుపాములోకి చేరి, కండరాలకు ఆజ్ఞలు పంపే నరాల కణాలను చంపేస్తుంది. ఆజ్ఞ రాకపోతే కండరం కదలదు. కదలని కండరం ఎండిపోతుంది. బావ కాలికి జరిగింది అదే. తప్పు కాలిది కాదు. కాలికి కబురు తెచ్చే తీగ తెగింది. ఈ సంగతి తెలియక నూనె ఎంత మర్దించి ఏం లాభం?

పోలియో బీదవాళ్ళ ఊళ్ళకే వచ్చే జబ్బు కాదు. అమెరికాలో 1952వ సంవత్సరం ఒక్కదానిలోనే సుమారు 58 వేలమందికి వచ్చింది. వారిలో 3 వేల పైచిలుకు మంది చనిపోయారు. ఎండాకాలం వస్తే అక్కడి తల్లులు పిల్లలను ఈతకొలనులకు పంపేవారు కారు. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడిన పిల్లలను పెద్ద పీపాలాంటి యంత్రంలో, తల మాత్రం బయట పెట్టి, పడుకోబెట్టేవారు. ఆ పీపాలో గాలి ఒత్తిడి మారినప్పుడల్లా పిల్లవాడి రొమ్ము పొంగేది, అణిగేది. దానిని ఇనుప ఊపిరితిత్తి అనేవారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుకు కూడా 39వ ఏట ఈ జబ్బు వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. ఆయన 1938లో ఒక సంస్థ పెట్టించాడు. దేశంలోని పిల్లలూ పెద్దలూ డాలరులో పదోవంతు ఉండే చిల్లర నాణేలు కవర్లలో పెట్టి పంపితే, ఆ డబ్బుతో పరిశోధన సాగింది. ఆ రూజ్వెల్టు చనిపోయిన రోజు 1945 ఏప్రిల్ 12. ఇది గుర్తుంచుకోండి.

ఆ చిల్లర డబ్బు అందుకున్నవారిలో పిట్స్‌బర్గ్‌లో పనిచేసే జోనాస్ సాల్క్ అనే డాక్టరు ఒకడు. అతను కోతి మూత్రపిండపు కణాలలో పోలియో వైరస్‌ను పెంచి, ఫార్మలిన్‌లో నానబెట్టి చంపి, ఆ చచ్చిన వైరస్‌తో టీకామందు చేశాడు. చచ్చిన వైరస్ జబ్బు తేలేదు. కాని ఒంటికి దాని రూపం తెలుస్తుంది. దొంగ బొమ్మ గీసి ఊరి తలారికి చూపించినట్టన్నమాట. రేపు నిజం దొంగ ఊళ్ళోకి అడుగుపెడితే తలారి గుర్తుపట్టి పట్టుకుంటాడు. మరొక సంగతి. ఆ పరిశోధనకు వాడిన కోతులలో చాలా వాటిని మన దేశంనుంచే విమానాలలో పంపారు. అవి మన ఉత్తరదేశపు రీసస్ కోతులు. ఈ కథలో వాటి ప్రాణాలు కూడా ఉన్నాయని నేను మరవలేను.

మందు తయారయింది సరే, ముందు ఎవరికి వెయ్యాలి? ఇది చాలా కష్టమైన ప్రశ్న. సాల్క్ 1953లో ఆ మందు తాను వేసుకున్నాడు; భార్యకూ, ముగ్గురు కొడుకులకూ వేశాడు. అయితే అయిదుగురికి ఏమీ కాలేదంటే మందు పనిచేసిందని రుజువు కాదు. పోలియో అందరికీ రాదు కదా! లక్షలమందికి వేసి చూడాలి. అందుకు 1954లో అమెరికాలో, కొంత కెనడా, ఫిన్లండు దేశాలలో, సుమారు 18 లక్షలమంది పిల్లలు ముందుకు వచ్చారు. అందరూ మీలాంటి బడిపిల్లలే. ఒకటి, రెండు, మూడు తరగతులవాళ్ళు.

ఆ పరీక్ష ఎట్లా జరిగిందో కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే ఈ మూడు కథలలోకీ నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. వారిలో సుమారు ఆరున్నర లక్షలమందికి సూది వేశారు. అందులో 4 లక్షల 40 వేలమందికి వేసింది అసలు మందు. మిగతావారికి వేసింది అదే రంగులో ఉన్న ఉత్త ద్రవం. ఉత్త ద్రవం కూడా వాడిన చోట్ల, ఏ సీసాలో ఏమున్నదో పిల్లలకు తెలియదు, తల్లులకు తెలియదు, సూది వేసే డాక్టరుకు కూడా తెలియదు. సీసాల మీద అంకెలు మాత్రం ఉంటాయి. ఎందుకింత దాపరికం? డాక్టరుకు తెలిస్తే, మందు వేసిన పిల్లవాడికి జ్వరం వచ్చినా 'ఇది పోలియో అయి ఉండదులే' అనుకుంటాడు. మనిషి కన్ను తాను చూడదలచుకున్నదే చూస్తుంది. కళ్ళు కట్టుకుంటేనే నిజం కనపడే సందర్భాలు కొన్ని ఉంటాయి! సూది వేయించుకున్న పిల్లలకు ఒక కార్డూ, చొక్కాకు పెట్టుకునే బిళ్ళా ఇచ్చారు. ఉత్త ద్రవం కూడా వాడిన చోట్ల, తమ చేతిలోకి ఎక్కింది మందో ఉత్త ద్రవమో ఏడాదిదాకా ఆ పిల్లలకు తెలియదు.

తరవాత ఒక ఎండాకాలమంతా వేచి చూశారు. ఎవరికి పోలియో వచ్చింది, ఎవరికి రాలేదు అని లెక్కలు కట్టారు. ఆ లెక్కల పెద్ద టామస్ ఫ్రాన్సిస్. ఆయన సాల్క్‌కు గురువు. గురువైనా శిష్యుడికి ముందుగా ఒక్క ముక్క చెప్పలేదంటారు. 1955 ఏప్రిల్ 12వ తేదీ, మంగళవారం, రూజ్వెల్టు పోయిన సరిగ్గా పదేళ్ళకు, మిషిగన్ విశ్వవిద్యాలయంలో సభ పెట్టారు. ఉదయం 10 గంటలు దాటాక ఫ్రాన్సిస్ లేచి, గంటన్నరకు పైగా అంకెలన్నీ చదివాడు. మందు ప్రమాదం లేనిది. పక్షవాతం తెచ్చే పోలియోను నూటికి 80 నుంచి 90 వరకు ఆపుతున్నది. ఆ వార్త రేడియోలలో రాగానే అమెరికా ఊళ్ళలో గుడిగంటలు మోగాయి. ఫ్యాక్టరీలు కూతలు పెట్టాయి. తల్లులు వీధుల్లో నిలబడి ఏడ్చారు. ఆ సాయంత్రం ఒక విలేఖరి సాల్క్‌ను, ఈ మందు మీద హక్కు ఎవరిదని అడిగాడు. ప్రజలదే అన్నాడు అతను. సూర్యుడి మీద ఎవరైనా హక్కు రాయించుకుంటారా అని ఎదురడిగాడు. మంచి మాటే. అయితే అదే రోజు ఉదయం సభలో తనతో రాత్రింబగళ్ళు పనిచేసిన ప్రయోగశాల వాళ్ళ పేర్లు చెప్పలేదు. వాళ్ళకు ఆ ముల్లు చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది. రెండూ జరిగినవే కనుక రెండూ చెప్పాను.

ఆ సంతోషం రెండు వారాలు నిలిచింది. ఒక కంపెనీ చేసిన మందులో కొంత సరిగా తయారు కాలేదు. అందులో బతికిన వైరస్ ఉండిపోయింది. దానివల్ల సుమారు 200 మందికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. 10 మంది చనిపోయారు. సాల్క్ లెక్క తప్పు కాదు, కంపెనీలో వడపోతా తనిఖీ సరిగా జరగలేదు. టీకాలు ఆపి, తనిఖీ నియమాలు బిగించి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తరవాతనే ప్రతి విడత మందునూ ఎంతో కఠినంగా పరీక్షించటం అలవాటయింది. మీకు వేసే టీకా సీసా వెనక ఆ పిల్లలున్నారు.

అమెరికాలో గంటలు మోగుతున్నప్పుడు మా ఊళ్ళో రాత్రి సుమారు 9 గంటలు. దీపాలు ఆర్పేసి అందరూ నిద్రపోయి ఉంటారు. బావ కాలు పడిపోయి అప్పటికే నాలుగేళ్ళు. ఆ వార్త మాదాకా రానూ లేదు, వచ్చినా మందు రాలేదు. మన దేశంలో పిల్లలందరికీ ఇచ్చే టీకాలలో పోలియో మందు చేరటానికి 1970ల చివరిదాకా పట్టింది. వార్తకంటె మందు చాలా నెమ్మదిగా నడుస్తుంది.

కాని రెండవ ఏప్రిల్ 12 వార్త మాత్రం ఆ సాయంత్రానికే మా ఊరు వచ్చింది. అది 1961, బుధవారం. నాకు పదేళ్ళు. మాకు ఒంటిపూట బడి. పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఒక రేడియో ఉండేది. సాయంత్రం దాని చుట్టూ పెద్దవాళ్ళు చేరేవారు. పిల్లలం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. రష్యావాడొకడు రాకెట్టులో రోదసికి పోయి, భూమి చుట్టూ తిరిగి, ప్రాణంతో దిగాడని రేడియోలో చెప్పారు. పేరు యూరీ గగారిన్, వయసు 27. మేము లెక్క వేసుకుంటే, మన గడియారం ప్రకారం అతను బయలుదేరింది పగలు 11 గంటల 37 నిమిషాలకు. మొత్తం ప్రయాణం 108 నిమిషాలు. అంటే మేము బడినుంచి ఇంటికి వచ్చి, అన్నం తిని, ఒక కునుకు తీసేలోపల అతను ప్రపంచమంతా చుట్టి వచ్చేశాడు!

మర్నాడు బడిలో మేష్టారు ఆ సంగతి చెబుతూ, అక్కడ మనిషికి బరువుండదు, గాలిలో దూదిపింజలాగా తేలతాడు అన్నారు. బావ ఆ రోజు మా తరగతి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. చంకకర్ర గోడకు ఆనించి, "అయితే మేష్టారూ, అక్కడ కాళ్ళతో పనుండదా అండీ?" అని అడిగాడు.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. మేష్టారు కాసేపు ఊరుకుని, "ఉండదురా. తోసుకోవటానికి చేతులు చాలు" అన్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట చెవుల్లో ఉంది.

గగారిన్ కథ బయట అందరికీ తెలిసినదే. లోపలి కథ ఆ తరవాత చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. అతను కూర్చున్న వోస్టోక్ గోళం అడ్డకొలత రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. మనిషి రోదసిలో తేలితే మతి పోతుందేమోనని కొందరు డాక్టర్లు భయపడ్డారు. అంతకుముందు కుక్కలు వెళ్ళివచ్చాయి; కాని కుక్కను నీ మతి ఎట్లా ఉందని అడగటమెట్లా? అందుకని గోళాన్ని నడిపే పరికరాలకు తాళం వేసి, భూమి మీదనుంచే నడిపించారు. ఆపద వస్తే తాళం తీసేందుకు మూడంకెల సంఖ్య ఒకటి కవరులో పెట్టి, అంటించి, అతని దగ్గర ఉంచారు. కవరు చించి సంఖ్య చదివి మీటలు నొక్కగలిగితే మతి సరిగా ఉన్నట్టే! ఆ సంఖ్య 125. తమాషా ఏమంటే, బయలుదేరేముందే తోటివాళ్ళు ఆ సంఖ్య రహస్యంగా అతని చెవిలో ఊదేశారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కవరు చించుకుంటూ కూర్చోవటమేమిటని వాళ్ళ ఉద్దేశం. నాకూ అదే సబబనిపిస్తుంది.

మాస్కో గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 7 నిమిషాలకు రాకెట్టు లేచింది. గగారిన్ తన భాషలో, "ఇక పోదాం!" అన్నాడు, మనం బండి కదిలేటప్పుడు అన్నట్టే. తిరిగి వచ్చేటప్పుడు అసలు కష్టం వచ్చింది. గోళంనుంచి విడిపోవలసిన యంత్రభాగం పూర్తిగా విడిపోలేదు. ఒక తీగల కట్ట అంటుకుని ఉండిపోయింది. రెండూ కలిసి బొంగరంలాగా సుమారు పది నిమిషాలు తిరిగాయి. చివరకు గాలి రాపిడి వేడికి ఆ తీగలు కాలి తెగిపోయాయి. ఏడు కిలోమీటర్ల ఎత్తున అతను గోళంలోనుంచి బయటకు ఎగిరి పారాచూటుతో దిగాడు. దిగింది వోల్గా నదికి దగ్గర ఒక పొలంలో. అక్కడ ఒక ముసలమ్మా ఆమె మనవరాలూ బంగాళాదుంపలు నాటుకుంటున్నారు. నారింజరంగు దుస్తులూ తెల్లటి శిరస్త్రాణమూ చూసి వాళ్ళు హడలిపోయారు. నేను మీవాడినే, ఎక్కడైనా టెలిఫోను ఉన్నదా అని అతను అడగవలసివచ్చింది.

ఆ రాకెట్టును తయారు చేయించిన ప్రధాన శిల్పి సెర్గీ కొరొల్యోవ్. 1966లో చనిపోయేదాకా ప్రభుత్వం అతని పేరు లోకానికి చెప్పలేదు. ఇక గగారిన్ బయలుదేరటానికి రెండు రోజుల ముందు, ఒకవేళ తాను తిరిగి రాకపోతే ఇవ్వమని భార్యకు ఉత్తరం రాసిపెట్టాడు. అది ఆమెకు అందింది 1968లో. ఆ సంవత్సరం మార్చి 27న మామూలు విమానం నడుపుతూ కూలి, అతను చనిపోయాడు.

బావ ప్రశ్న దగ్గరకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే మేష్టారు చెప్పినదానిలో సగమే ఉన్నది. రోదసిలో ఉన్న మనిషికి బరువు తెలియకపోవటం భూమి అతన్ని లాగకపోవటంవల్ల కాదు. అంత ఎత్తున కూడా భూమి లాగుతూనే ఉంటుంది. నౌకా, మనిషీ కలిసి ఆగకుండా భూమి చుట్టూ పడుతూనే ఉంటారు. పడుతున్నవాడికి బరువు తెలియదు. తెగిన ఉయ్యాలలో ఉన్నవాడికి, నేల తగిలేదాకా, ఉయ్యాలపీట ఒత్తిడి తెలియనట్టే. అక్కడ నెలల తరబడి ఉంటే ఎంత బలశాలి కాళ్ళయినా పనిలేక సన్నబడతాయి. అందుకే అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్ళు రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. మరి కాలు లేనివాళ్ళు వెళ్ళగలరా? 2021 సెప్టెంబరులో హేలీ ఆర్సినో అనే అమెరికా అమ్మాయి మూడు రోజులు భూమి చుట్టూ తిరిగివచ్చింది. ఆమెకు పదో ఏట కాలి ఎముకకు క్యాన్సరు వస్తే, ఆ ఎముక కొంత తీసి లోపల కృత్రిమమైనది పెట్టారు. 2025లో జాన్ మెక్‌ఫాల్ అనే ఒంటికాలి ఇంగ్లీషు డాక్టరును అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉండటానికి తగినవాడేనని యూరోపు అంతరిక్ష సంస్థ నిర్ణయించింది. బావ అడిగిన అరవై ఏళ్ళకు వచ్చిన జవాబు ఇది.

మూడవ ఏప్రిల్ 12 నాటికి బావ పట్నంలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఉన్నాడు. కూర్చుని చేసే పని; చేతులు చాలు. 1981లో అమెరికావాళ్ళు కొలంబియా అనే రెక్కల నౌకను పంపబోతున్నారని పేపరులో చదివి, శుక్రవారం ఏప్రిల్ 10వ తేదీ సాయంత్రం నేను కొట్టుకు వెళ్ళి కూర్చున్నాను. ప్రయాణం ఆగిపోయిందని వార్త వచ్చింది.

ఎందుకు ఆగిందో పిల్లలు తప్పక తెలుసుకోవాలి. కొలంబియాను నడిపేవి అయిదు కంప్యూటర్లు. నాలుగు ఒకే పని చేస్తూ, ఒకదాని లెక్క మరొకటి సరిచూసుకుంటాయి. అయిదవది వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముతో, ఆపదకు ఆదుకునేందుకు పక్కన కూర్చుంటుంది. ఆ రోజు ఆ నాలుగూ అయిదవదానికి ఒక సెకండులో వెయ్యో వంతులు 40 తేడాతో నడిచాయి. అందుచేత అయిదవదానికి వాటి మాట వినపడలేదు. ఈ తేడా కంప్యూటర్లను ప్రారంభించిన ప్రతి 67 సార్లకు ఒకసారి మాత్రమే రాగలదని తరవాత తేలింది. సరిగ్గా ఆ రోజే వచ్చింది! ఈ సంగతి విని బావ, "భజనలో నలుగురు ఒక తాళం, అయిదోవాడు ఒక తాళం అన్నమాట. ఆపి మళ్ళీ ఎత్తుకుంటే సరి" అన్నాడు. వాళ్ళు చేసింది కూడా అదే. ఆపి, మళ్ళీ మొదలుపెట్టించారు. రెండు రోజులు ఆలస్యమై ఏప్రిల్ 12 వచ్చింది. గగారిన్ వెళ్ళి సరిగ్గా ఇరవై ఏళ్ళు. ఎవరూ ముహూర్తం పెట్టలేదు. కంప్యూటరు తాళం తప్పటంవల్ల కుదిరిన ముహూర్తం అది.

అక్కడ ఆదివారం ఉదయం 7 గంటలకు, మనకు సాయంత్రం అయిదున్నరకు, కొలంబియా లేచింది. అందులో ఉన్నవాళ్ళు ఇద్దరు. జాన్ యంగ్ చంద్రుడి మీద నడిచివచ్చినవాడు, వయసు 50. రాబర్టు క్రిప్పెన్‌కు అదే మొదటి ప్రయాణం. అంతకుముందు ప్రతి కొత్త నౌకనూ ఒకసారైనా మనిషి లేకుండా పంపి చూసేవారు. కొలంబియాను అట్లా పంపలేదు. మొదటిసారే మనుషులతో కక్ష్యలోకి వెళ్ళింది. మంటనుంచి కాపాడేందుకు దాని ఒంటి మీద 30 వేలకు పైగా పెంకులు అతికించారు. పైకి వెళ్ళాక చూస్తే తోక దగ్గర కొన్ని పెంకులు ఊడిపోయి ఉన్నాయి! అడుగున ఎన్ని ఊడాయో వాళ్ళకు కనపడదు. రెండు రోజులు తిరిగి, 14వ తేదీన కాలిఫోర్నియా ఎడారిలో విమానంలాగా చక్రాల మీద దిగారు. వాళ్ళిద్దరి ఫోటోలు ప్రపంచమంతా అచ్చయ్యాయి. మార్చి 19న ఆ నౌకను సిద్ధం చేస్తూ నత్రజని నిండిన గదిలోకి తెలియక అడుగుపెట్టి ఊపిరాడక పడిపోయిన పనివాళ్ళ ఫోటోలు నేను ఆనాడు ఎక్కడా చూడలేదు. వారిలో ఇద్దరు కొలంబియా లేవకముందే చనిపోయారు.

కొలంబియా ఆ తరవాత ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. 1997లో మన కర్నాల్ అమ్మాయి కల్పనా చావ్లా మొదటిసారి ఎక్కింది దానిలోనే. 2003 ఫిబ్రవరి 1న ఆమెతో సహా ఏడుగురితో తిరిగివస్తూ కొలంబియా ఆకాశంలోనే ముక్కలయింది. లేచేటప్పుడు నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలి కన్నం చేసింది. దిగేటప్పుడు ఆ కన్నంలోనుంచి వేడి లోపలికి దూరింది. ఆ రాత్రి బావ నాకు ఫోను చేశాడు. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఆ జాతి నౌకల చివరి ప్రయాణం 2011 జులైలో ముగిసింది. అదే సంవత్సరం జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక చిన్న పాపకు పోలియో వచ్చింది. మన దేశంలో ఆ అడవి వైరస్‌వల్ల పోలియో వచ్చిన చివరి బిడ్డ ఆ పాపే. రెండేళ్ళ కిందట, 2009లో, 741 మందికి వచ్చింది. అంతలో అంత తేడా! 1995నుంచి ఆదివారాలు బస్టాండులలో, రైల్వే స్టేషన్లలో, బళ్ళలో బల్లలు వేసుకుని నోట్లో రెండు చుక్కలు వేసి, చిటికెనవేలికి సిరా గుర్తు పెట్టినవాళ్ళ చలవ అది. ఆ చుక్కలు సాల్క్ మందు కాదు. ఆల్బర్టు సేబిన్ అనే మరొక డాక్టరు చేసినవి. అందులో వైరస్ చచ్చినది కాదు, నీరసపరచినది. మన దేశంలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవపత్రం ఇచ్చిన రోజు 2014 మార్చి 27. చూశారా, అది గగారిన్ పోయిన తేదీ! తేదీలు ఇట్లా ఒకదాని మీద ఒకటి పడటంలో ఏ మహిమా లేదు. ఏడాదికి 365 గడులే ఉన్నాయి, జరిగే సంగతులు కోట్లు. అయినా కనపడితే నాకు సరదాగానే ఉంటుంది.

ఇక మిగిలింది ఒక్క సంగతి. నీరసపరచిన వైరస్‌తో ఒక చిక్కున్నది. అరుదుగా అది మురుగునీటిలో తిరిగి తిరిగి మళ్ళీ బలం పుంజుకోవచ్చు. 2016లో హైదరాబాదులో అంబర్‌పేట మురుగునీటి కేంద్రంలో అటువంటి వైరస్ జాడ కనపడింది. ఏ పిల్లవాడికీ జబ్బు రాలేదు, అయినా ఆగలేదు. ఆ జూన్‌లో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షలమంది పసివాళ్ళకు వారం రోజుల్లో సూదిమందు వేశారు. అది ఏ మందనుకున్నారు? వైరస్‌ను చంపి చేసినదే, 1955 ఏప్రిల్ 12న గంటలు మోగించిన సాల్క్ రకం మందు. మామూలు మోతాదులో అయిదోవంతు, చేతి చర్మం పొరలో వేశారు. ఈ పేజీ చదివేవారిలో 2013కూ 2016కూ మధ్య అక్కడ పుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ అమ్మగారినడిగి చిన్నప్పటి టీకాల కార్డు తీయించండి. ఆ జూన్ నెల తేదీతో ఒక సూది గుర్తు అందులో ఉన్నదేమో చూడండి.